జగ్గారావు బావ కాఫీకి మార్కులు

మా జగ్గారావు బావ ఇంట్లో కాఫీ తాగి ఊరికే లేచి రావడానికి వీల్లేదు. గ్లాసు కింద పెట్టీ పెట్టగానే ల్యాప్‌టాప్ మూత తెరిచి, "పదికి ఎన్ని?" అంటాడు. చుట్టపుచూపుగా వెళ్లామో, పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లామో అర్థం కాదు. నాకసలే ఓపిక తక్కువ. మా గుండుగొలను నుంచి ఆ హైవే లారీల మధ్యన బండి మీద తాడేపల్లిగూడెం చేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగిలిన సగంతో మార్కులు కూడా వెయ్యాలి. "బావా, ఇచ్చారు, తాగాను, ఇంక వదిలెయ్యండి మహాప్రభో" అని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఆయన విసుక్కోడు. కీబోర్డు మీద వేలు పెట్టుకుని నవ్వుతూ అలాగే కూర్చుంటాడు. చివరికి మనమే ఏదో ఒక అంకె చెప్పి బయటపడాలి.

బావ గూడెం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాడు. మా నిర్మలక్క మొగుడు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్న మొదటి కాఫీ బావే కలపాలి. పెళ్లయిన కొత్తలో అక్క ఒంట్లో బాగోక పడుకుంటే ఒకరోజు ఆయన కలిపి ఇచ్చాడట. అక్క తాగి, "రేపు కూడా మీరే కలపండి" అందట. ఆ రేపు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ ఇంట్లో మిగతావన్నీ అక్క చెప్పినట్టే జరుగుతాయి, ఏ కూర వండాలన్నదాని దగ్గర్నుంచి ఏ గోడకి ఏ రంగు వెయ్యాలన్నదాని దాకా. పొద్దుటి కాఫీ ఒక్కటీ బావది.

అలాగని అక్క దాన్ని ఊరికే మెచ్చుకునే రకం కాదు. "ఇవాళ డికాక్షన్ నీళ్లలా ఉందేంటండీ", "పాలు అడుగంటాయి, మీరు పేపర్లో పడి చూసుకోలేదు" అని మొహం మీదే అనేసేది. మా గోదావరి వైపు అంత మొహమాటం లేని మనిషి దొరకడం కష్టం. బావ ఆ తిట్లు వినడానికే కాఫీ కలుపుతాడేమో అనిపించేది నాకు.

రిటైరయ్యాక బజార్లో పొడి కొనడం మానేసి, అరకు వైపు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించుకోవడం మొదలెట్టాడు. డాబా మీద రేకుల షెడ్డులో గ్యాసు పొయ్యి పెట్టాడు. చిల్లుల స్టీలు డ్రమ్ముకి కారు వైపర్ మోటారు బిగించి, అది మంట మీద తనంతట తాను తిరిగేలా చేశాడు. తీగలూ మోటార్లూ ఆయనకి కొత్తేమీ కాదు. ఇంక వేయించడమంటారా, అంతా ముక్కే. పొగలో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "ఆఁ, ఇప్పుడు" అని పొయ్యి కట్టేసేవాడు. నేను అడిగితే, "గింజే చెబుతుందిరా రంగబాబూ" అనేవాడు. ఆ రోజుల్లో ఆ కాఫీ నిజంగా బాగుండేది. మార్కులు గీర్కులు ఏమీ అడిగేవాడు కాదు.

తర్వాత అందరితో పాటు బావకీ ఆ మాయదారి కరోనా జ్వరం వచ్చింది, తగ్గింది. తగ్గిన కొన్నాళ్లకి వెళితే షెడ్డులో పొయ్యి పక్కన ల్యాప్‌టాప్ కనబడింది. డ్రమ్ములోకి ఒక సన్నటి తీగ దూర్చి ఉంది. అది గింజల వేడి కొలుస్తుందట. ఆ వేడిని ల్యాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ గీతలా గీసుకుంటూ పోతుంది. పచ్చి గింజ ఎప్పుడు పడింది, ఎప్పుడు పసుపు రంగుకి తిరిగింది, ఎప్పుడు చిటపటమంది, ఎప్పుడు దింపారు, అన్నిటికీ ఒక్కో మీట. నొక్కితే గీత మీద గుర్తు పడుతుంది. పాత వాయి గీతని వెనకాల లేతగా పెట్టుకుని, ఇవాళ్టి గీతని దాని మీదే నడిపించుకోవచ్చు.

నాకు ఒళ్లు మండింది. "ఏంటండీ ఈ ఆర్భాటం? కాఫీ గింజకి కూడా జ్వరం చూస్తున్నారా?" అన్నాను.

"నువ్వు మాత్రం చెరువులో మీటరు ముంచి చేపలకి ఊపిరాడుతోందో లేదో చూసుకోవట్లేదూ?" అన్నాడు.

అదీ నిజమే. నాకు కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. మబ్బు పట్టిందంటే ఆ మీటరు చూడకుండా నాకు అన్నం సయించదు. పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

అప్పుడే ఏదో మాడిన కంపు కొట్టింది. గింజల కంపు కాదు, గుడ్డ కంపు. చూస్తే బావ భుజం మీది తువాలు కొస పొయ్యికి తగిలి రాజుకుంటోంది. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు, గీత వంక చూస్తున్నాడు. నేను ఒక్క గెంతు గెంతి తువాలు లాగి కాళ్లతో తొక్కేశాను. "కళ్లు పోయాయా, ముక్కు పోయిందా!" అని అరిచాను.

బావ పొయ్యి కట్టేశాడు. కిందకి మెట్ల వైపు ఒకసారి చూసుకుని, మెల్లిగా అన్నాడు.

"ముక్కేరా. పోయింది."

జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఆయనకి ఏ వాసనా తెలియడం లేదట. ఏలూరులో డాక్టరుకి చూపించుకున్నాడట. రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట ఆయన. నాలిక మీద చేదూ తీపీ తెలుస్తాయి గానీ కాఫీకీ కషాయానికీ తేడా తెలియదట. ఏలూరులో పాత స్నేహితుణ్ణి చూడటానికి వెళుతున్నానని అక్కకి చెప్పి వెళ్లాడట.

"మీ అక్కకి చెప్పకురా. నేను దానికి పెద్దగా ఇచ్చిందేమీ లేదు. పొద్దున్నే ఆ గ్లాసుడు కాఫీ ఒక్కటే నా చేత్తో ఇచ్చేది. తెలిసిందనుకో, పాపం అని నన్ను కూర్చోబెట్టి తనే కలుపుతుంది. అది నేను తట్టుకోలేను."

ఏం చెప్పమంటారు! చెప్పనని ఒట్టేశాను. ఆ సాఫ్ట్‌వేర్ ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. పోయిన ముక్కు పని దానిచేత చేయించుకుంటున్నాడు మా బావ.

అయితే గీత వేడినే చెబుతుంది గానీ రుచిని చెప్పదు కదా. అందుకని సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వాయి పక్కనా రుచికి మార్కులు వేసుకునే గడులుంటాయి. ఏ గీతకి ఎక్కువ మార్కులొచ్చాయో చూసుకుని, ఈసారి అదే గీత మీద నడవాలి. బావకి తన నాలిక మీద నమ్మకం లేదు కాబట్టి మన నాలికలు అరువు తీసుకునేవాడు. పక్కింటి యోసేపు గారు రోజూ పొద్దున్నే వస్తారు, ఆయన కూడా ఎక్స్ఛేంజీలోనే చేశారు. ఆయన ఒకరు, అక్క ఒకరు, వచ్చినప్పుడు నేను ఒకణ్ణి. ఇంతే పరీక్షాధికారులం.

మా వైపు సంగతి మీకు తెలియంది కాదు. ఎవరింట్లోనైనా ఉప్పు ఎక్కువైన పులుసు పోసినా, "చాలా బాగుందండీ, ఇంకాస్త వెయ్యండి" అంటాం. ఇచ్చినవాళ్ల ఎదురుగా బాగోలేదంటే మనిషి కింద లెక్కే కాదు. యోసేపు గారు మరీనూ. దేవుడు ఆయన్ని కడిగి ఆరేసి మరీ పుట్టించాడు. గ్లాసు ఖాళీ చేసి, కండువాతో మూతి తుడుచుకుని, "అద్భుతమండీ జగ్గారావు గారూ, తొమ్మిది వేసుకోండి" అనేవారు. అక్క కూడా "తొమ్మిది" అనేది. నేను మొదట ఏడు అందామనుకున్నాను. బావ మొహంలోకి చూస్తే ఏడు నోట్లోంచి రాలేదు. "తొమ్మిదే" అన్నాను. పది వేస్తే మరీ అబద్ధంలా ఉంటుందని కాబోలు, ఎవరూ పది వేసేవాళ్లం కాదు.

నిజం చెప్పాలంటే, ఒక్కో వాయి పచ్చి చిక్కుడుగింజల్లా ఉండేది, ఒక్కోటి వేపాకు రసం. మధ్యలో ఎప్పుడైనా ఒకటి బాగుండేది. దానికీ తొమ్మిదే.

ఇలా ఓ వర్షాకాలం గడిచింది, చలికాలం గడిచింది. ఓ శనివారం బావ ఫోన్ చేసి, "అర్జంటుగా రా" అన్నాడు. ఏమైందోనని పరుగున బండెక్కాను. వెళ్లేసరికి మనిషి నిక్షేపంలా షెడ్డులో కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. వాయిలన్నిటి గీతలూ ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. ఒకటి తొందరగా లేచింది, ఒకటి నత్తలా పాకింది, ఒకటి మధ్యలో కుంగింది. ఆ కింద మార్కులు మాత్రం బల్లపరుపుగా ఒకే వరసలో ఉన్నాయి.

"చూశావా? గింజ పచ్చిగా దింపినా తొమ్మిదే, మాడ్చినా తొమ్మిదే. ఏం చేసినా బాగుండాలంటే నేను దేవుణ్ణయినా అయ్యుండాలి, మీరందరూ అబద్ధాలకోరులైనా అయ్యుండాలి."

నేను మాట మార్చి చెరువుల్లో చేపల పట్టుబడి గురించి మాట్లాడబోయాను. వినలేదు.

"యోసేపు అంటాడు, సరే. నువ్వంటావు, అదీ సరే. మీ అక్క ఎందుకంటుందిరా? అది నన్ను ఒక్క రోజైనా ఊరికే వదిలిందా?"

అంటూనే డ్రమ్ములో గింజలు పోశాడు. ఈసారి కావాలనే మాడుస్తానన్నాడు. "గింజలు దండగండీ, మీకేమైనా పిచ్చా" అని మొత్తుకున్నాను. చిటపటలు అయిపోయాయి. కాసేపాగి రెండోసారి చిటపటలు మొదలై అవీ అయిపోయాయి. ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. షెడ్డంతా నల్లటి పొగ. నేను దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాను. ఆయనకేం, పొగలో హాయిగా కూర్చుని మీటలు నొక్కుకుంటున్నాడు. దింపాక చూస్తే గింజలు నూనె కక్కుకుని బొగ్గుల్లా మెరుస్తున్నాయి.

ఆ రాత్రికి నన్ను అక్కడే ఉంచేశాడు. మర్నాడు పొద్దున్న ఆ పొడితోనే డికాక్షన్ తీసి కాఫీ కలిపాడు. యోసేపు గారు వచ్చారు. మొదటి గుక్కకి ఆయన కళ్లు పెద్దవయ్యాయి, రెండో గుక్కకి నీళ్లు తిరిగాయి. అయినా మూతి తుడుచుకుని, "కొంచెం స్ట్రాంగుగా ఉందండీ, బాగుంది. తొమ్మిది" అన్నారు. నాకు గొంతు దిగలేదు. గ్లాసు తులసి కుండీ వెనకాల పెట్టేశాను. అక్క గుమ్మంలో నిలబడి ఆఖరి చుక్క దాకా తాగింది. మొహంలో ఒక్క ముడత పడలేదు.

"పదికి ఎన్ని?" అన్నాడు బావ.

"తొమ్మిది" అంది అక్క.

బావ మీట నొక్కలేదు. ల్యాప్‌టాప్ మూసేసి, చొక్కా అంచు సర్దుకుంటూ డాబా మీదకి వెళ్లిపోయాడు. యోసేపు గారు ఏదో పొరపాటు జరిగిందని కనిపెట్టి, "వస్తానండీ మరి" అంటూ లేచారు. నేను మెట్లెక్కి వెళ్లేసరికి బావ షెడ్డులో ఖాళీ డ్రమ్ము ముందు కూర్చుని ఉన్నాడు.

"మీ అక్కకి తెలుసురా" అన్నాడు. "ఎప్పట్నుంచో తెలుసు. తెలియకపోతే ఇవాళ ఆ గ్లాసు నా నెత్తిన కొట్టేది. నా మీద జాలిపడుతోంది. ఇంక కాఫీ పని దానికే అప్పగించేస్తాను. ఈ డ్రమ్ము పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్."

ఆ గొంతు విని నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ధనధనా దిగి వంటింట్లోకి వెళ్లి, "ఎందుకే అక్కా ఆ అబద్ధం? నిన్నెవరు తొమ్మిది వెయ్యమన్నారు? ఆయనకి వాసన రాదని తెలిసి కూడా..." అని ఆగిపోయాను.

వేసిన ఒట్టు కాస్తా గాల్లో కలిసింది.

అక్క గరిట కింద పెట్టింది. "అంటే నీకు తెలుసన్నమాట. నీకు చెప్పారు."

"అది కాదక్కా..."

"రొయ్యల కూర మాడి ఇల్లంతా పొగైతే, పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు. ఆరోజే నాకు తెలిసింది. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూస్తున్నాను. నేను అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. నీకు చెప్పారా? నాకు చెప్పకుండా నీకు చెప్పారా?" అక్క కళ్లలో నీళ్లు. నేను మా అమ్మ పోయినప్పుడు తప్ప అక్క ఏడవడం చూడలేదు.

గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు దిగాడో తెలియదు.

"చెబితే నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వవని భయపడ్డాను, నిర్మలా" అన్నాడు.

"రానివ్వకపోతే ఎవరు కలుపుతారండీ? నాకు కాఫీ కలపడం వచ్చా?" అని అక్క గయ్యిమంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇందాకటిది కాఫీయా అది? నాలిక తగలబడిపోయింది. మీకు చేతులెలా వచ్చాయండీ ఇవ్వడానికి? సున్నా! సున్నా వేసుకోండి!"

బావ ఒక్క క్షణం అలాగే చూశాడు. తర్వాత నవ్వాడు చూడండి, గోడకి ఆనుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వాడు. "సున్నా అందిరా రంగబాబూ! సున్నా!" అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. పరీక్ష తప్పి అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ పూట వంట ఆగిపోయింది. అక్క కళ్లద్దాలు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పాత మార్కులన్నీ దిద్దించింది. "ఇది మూడు. ఇది తాగి ఆరోజంతా నాకు తేన్పులు. ఇది పచ్చిది, రెండు. ఇదిగో, ఇది నిజంగానే బాగుంది, తొమ్మిది ఉంచండి." ప్రతి ఒక్కటీ ఆవిడకి గుర్తుంది. అన్ని వాయిలూ నోరెత్తకుండా తాగి, లోపల ఇంత లెక్క పెట్టుకుందా అని నాకు ఆశ్చర్యం వేసింది. బావ అక్క చెప్పిందల్లా కీబోర్డు మీద కొడుతూ పోయాడు. బల్లపరుపుగా ఉన్న వరస ఎగుడుదిగుడు అయింది. ఆ ఒక్క నిజం తొమ్మిది దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు.

ఎండ దిగాక ముగ్గురం షెడ్డులోకి ఎక్కాం. ఆ మంచి వాయి గీతని వెనకాల పెట్టుకుని బావ కొత్త గింజలు పోశాడు. అక్క స్టూలు లాక్కుని పొగ వైపు కూర్చుంది.

"వాసన చెబుతూ ఉండు, రాసుకుంటాను" అన్నాడు బావ.

"పచ్చి పెసలు ఉడికినట్టుంది" అంది అక్క. బావ కొట్టాడు. "ఇప్పుడు వానకి తడిసిన వరిగడ్డి." కొట్టాడు. గింజ పసుపు తిరిగింది. చిటపటలు మొదలయ్యాయి. అక్క ముక్కు ముందుకి పెట్టి, "ఆఁ, ఆపండి, ఆపండి ఇంక" అంది. నేను తెర వంక చూశాను. వెనకాల లేత గీత ఇంకా కొంత దూరం నడవాలంటోంది. బావ గీతని చూశాడు, అక్కని చూశాడు, పొయ్యి కట్టేశాడు.

గింజలు పళ్లెంలో పోసి విసనకర్రతో విసురుతూ, "చివర్లో ఏం వాసన వచ్చింది?" అని అడిగాడు.

"పేలాలు వేగినట్టు."

బావ చెయ్యి ఆగింది. "పేలాలు..." అని కళ్లు మూసుకున్నాడు. "ఎలా ఉంటుందో గుర్తు రావడం లేదు, నిర్మలా. ఒక్కొక్కటీ పోతున్నాయి" అన్నాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నేను డాబా పిట్టగోడ వైపు తిరిగిపోయాను.

అక్క స్టూలు ఆయన దగ్గరికి జరుపుకుంది. "మన పెళ్లయ్యాక వచ్చిన మొదటి తొలి ఏకాదశి. నల్లజర్లలో మా పుట్టిల్లు. పేలపిండికని అమ్మ పెద్ద మూకుడులో ఇసక పోసి వడ్లు వేయిస్తోంది. మీరు కొత్త అల్లుడు, కుర్చీలో కూర్చోమంటే వినకుండా వచ్చి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నారు. వడ్లు టపటపా పేలి మీ పట్టు చొక్కాలో పడ్డాయి. మీరు లేచి గెంతారు. ఇసక వేడి, పొట్టు పొగ, లోపల తియ్యటి అన్నం వాసన. అది."

బావ కళ్లు తెరవకుండానే తలూపాడు. "ఆఁ, వచ్చింది. వచ్చిందే" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"రాలేదు" అంది. "రాకపోతే రాలేదని చెప్పండి. మళ్లీ చెబుతాను."

బావ కళ్లు తెరిచాడు. "రాలేదు" అన్నాడు.

"సరే వినండి" అని అక్క ఆయన చేతిలో విసనకర్ర తీసుకుని, గింజల మీద విసురుతూ, నల్లజర్ల వాకిలి దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.